రెండు చేపలకు ఇసుక అనుమతి

భూమ్మీద మూడు వంతులు నీళ్లు, ఒక వంతు నేల అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ నేలలో ఇసుక అనే భాగాన్ని దేవుడే సృష్టించినా, రసీదు ఇచ్చే అధికారం మాత్రం ప్రభుత్వానిది. రసీదు ఉంటే అది ఇసుక. లేకపోతే నేరం.

ఈ సంగతి రెబ్కా టీచరుకు తెలియదు. వినుకొండ దగ్గర పత్తిచేల మధ్య ఉన్న చిన్న బడిలో ఆమె మూడో తరగతి చెబుతుంది. ఆ తరగతిలో సముద్రం చూసిన పిల్లలు ఒక్కరూ లేరు. "వచ్చే సోమవారానికి సముద్రాన్నే మన గదిలోకి తెస్తా" అని ఆమె మాటిచ్చేసింది. గుంటూరు బ్రాడీపేటలో చేపల కొట్టు నడిపే బుడే దగ్గరికెళ్లి అద్దాల తొట్టి, సముద్రపు ఉప్పు, తెల్ల చారలున్న రెండు నారింజరంగు చేపలు కొన్నది. ఇసుక సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. (ఇల్లు లేవకముందే గృహప్రవేశం జరిపించడంలో మన దేశంలో ఆమె మొదటి మనిషేమీ కాదు.)

"మా వాగులో ఇసుక పోస్తే చాలదా బుడే?"

"వాగు ఇసుక వద్దు టీచరమ్మగారూ. అందులో ఏం కలిసిందో మనకేం తెలుసు? సన్నంగా ఉంటే నీళ్లలో లేచిపోద్ది, గరుగ్గా ఉంటే సందుల్లో మురికి చేరుద్ది. ఇదిగో, పగడపు ఇసుక. బతికున్న ఇసుక. కంటికి కనపడని పురుగులుంటాయి ఇందులో, చేపల మురుగంతా అవే తినేస్తాయి. తడి మాత్రం ఆరనీకండి. రెండు వేళ్ల మందం పరిస్తే చాలు, తొమ్మిది కిలోలు."

"మరి తొట్టి సిద్ధమయ్యేదాకా చేపలు?"

"బకెట్లో ఉంచి బుడగల మోటారు పెట్టండి. శనివారం దాకా ఆగుతాయి. ఆపైన నేను చెప్పలేనమ్మా."

అది సోమవారం. ఒక చేతిలో చేపల సంచి, ఒడిలో ఇసుక సంచి, కాళ్ల దగ్గర తొట్టి పెట్టుకుని రెబ్కా వినుకొండలో బస్సు దిగి ఆటోలో ఊరికి వస్తుంటే, సంచార ఇసుక నిఘా శిబిరం వాళ్లు ఆపారు. (ఈ శిబిరం నాలుగేళ్లుగా ఒకే వేపచెట్టు కింద సంచరిస్తోంది.) దాని ఇన్‌ఛార్జి కోటేష్ గారు అంతకుముందు పదకొండేళ్లు పత్తి కొనుగోళ్లలో పనిచేశారు. తేమ కొలిచే మిషను ఆయన పేరు మీద ఉండిపోవడం వల్ల దాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు.

దరఖాస్తు తీశారు. అది ఇళ్లు కట్టుకునే వాళ్ల కోసం అచ్చేసింది.

"ఎన్ని అంతస్తులు మేడం?"

"అద్దాల తొట్టండీ."

"అంటే ఒకటి. పైకప్పు?"

"లేదండీ."

"నివాసులు?"

"ఇద్దరు."

"భార్యాభర్తలా?"

"ఇప్పుడే చెప్పలేం అన్నాడండీ కొట్టతను. పెద్దయ్యాక వాటిలో ఒకటి ఆడది అవుతుందట."

కోటేష్ గారు 'ఉమ్మడి కుటుంబం' అని రాసుకున్నారు. తర్వాత మిషను తీసి ఇసుకలో గుచ్చారు. అది కూసింది.

"ముప్పై ఒకటి. పన్నెండు శాతం దాటితే పాస్ చెయ్యం."

"ఇది తడిగానే ఉండాలి సార్. ఇందులో ప్రాణం ఉంది."

"ప్రాణం ఉంటే ఇసుక కాదు గదా మేడం. పశువుల డాక్టరు దగ్గర కాగితం తెండి. లేదా ఆరబెట్టండి."

"పోనీ చేపలు...?"

"చేపలు మా శాఖ కావు. తీసుకెళ్లండి."

సంచి శిబిరంలో ఉండిపోయింది. నమూనా కింద గుప్పెడు ఇసుక పొట్లం కట్టిచ్చారు. మంగళవారం పశువుల డాక్టరు జక్రయ్య గారు ఆ పొట్లం విప్పి చాలాసేపు మర్యాదగా చూశారు.

"ఎన్ని తలకాయలమ్మా?"

"చెంచాకి కోట్లల్లో ఉంటాయటండీ."

"కాగితం ఇవ్వాలంటే అన్నిటికీ చెవి ట్యాగులు వెయ్యాలి. నా దగ్గర నూటనలభయ్యే ఉన్నాయి." పొట్లం మళ్లీ మడుస్తూ, తప్పు తనదే అయినట్టు, "పైగా చెవులు కూడా లేవు" అన్నారు.

బుధవారం రెబ్కా శిబిరానికి వెళ్లి చూస్తే, ఇసుకను అప్పటికే టార్పాలిన్ మీద ఎండబోసేశారు. పక్కనే మిరపకాయలు ఎండబెట్టుకుంటున్న బుల్లయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"టీచరమ్మా, నీళ్లలో పొయ్యటానికి ఇసుకని ఎండేస్తున్నారంట, నిజమేనా?"

"నిజమే బుల్లయ్యా."

"సర్లే, ఎవుళ్ల రూల్సు వాళ్లవి. మా కాయల్తో పాటు నేనే తిరగేస్తాన్లే, నువ్వు బడికి పో."

గురువారానికి చిన్న చేప మేత మానేసింది. శుక్రవారం అది బకెట్టు అడుగున పక్కకి ఒరిగి ఉంది. రెబ్కా దాని ముందు కూర్చుని, పిల్లలకు చెప్పినట్టే, "రేపటిదాకా ఓర్చుకోమ్మా" అంది.

శనివారం మిషను తొమ్మిది చూపించింది.

"చూశారా మేడం, బంగారంలా తయారైంది!" అన్నారు కోటేష్ గారు. 'ఏ' గ్రేడు వేసి, 'ఇందు ప్రాణము లేదని నిర్ధారించి రవాణాకు అనుమతించడమైనది' అని ముద్ర కొట్టారు.

రెబ్కా అక్కడ్నుంచే బుడేకి ఫోను చేసింది.

"అయ్యో, చచ్చిన ఇసుకలో చేపల్ని వదలకండమ్మా! ఆ పురుగులన్నీ కుళ్లి నీళ్లు విషం అవుతాయి. సర్దుకోటానికి నెల పడుద్ది. ఇయ్యాలే బస్సెక్కి చేపల్ని నాకు తెచ్చియ్యండి. నా తొట్లో బతుకుతాయి."

ఆమె బకెట్టు ఒళ్లో పెట్టుకుని గుంటూరు వెళ్లింది. సాయంత్రానికి చిన్నది మళ్లీ మేత ముట్టింది. రెబ్కా ఉత్త బకెట్టుతో తిరిగొచ్చింది.

సోమవారం వచ్చింది. హాజరుపట్టీలో ఇరవై ఆరుగురు. అమ్మానాన్నల వెంట వేరే ఊళ్లకు మిరప కోతలకు పోయినవాళ్లు పోగా, మిగిలిన పదకొండు మంది తొట్టి చుట్టూ చేరారు. లోపల ఉప్పునీళ్లు, వాటి అడుగున 'ఏ' గ్రేడు ఇసుక.

"సముద్రంలో ఏం ఉండవా టీచర్?" అంది మహిమ అనే పిల్ల.

జవాబు చెప్పేలోపు, మంజూరైన ఇసుకతో ఇల్లు కట్టారా, అందులో మనుషులు ఉంటున్నారా అని తనిఖీ చేయడానికి కోటేష్ గారు స్వయంగా వచ్చారు. కట్టడం చూసి తృప్తిపడ్డారు. రెండు వేళ్ల మందం కొలిచి రాసుకున్నారు. తర్వాత అద్దానికి మొహం ఆనించి వెతికారు.

"నివాసులు ఏరి మేడం?"

"గుంటూరు వెళ్లిపోయారండీ. ఇక్కడ బతకలేక."

ఆయన పెన్ను ఎక్కడా ఆగలేదు. 'వలస' అన్న గడిలో రెండు అని వేసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఈ మండలంలో ఆ గడికి కారణం రాయనక్కర్లేదు.