లింగమూర్తి పియానో క్లాసు

బోరబండలో ఏడింటి రైలు ఎక్కితే, ఆఫీసు జనం వచ్చేలోపు గంటసేపు పియానో తనదేనని లింగమూర్తి అనుకున్నాడు. హైటెక్ సిటీలోని ఆ అద్దాల భవనానికి అతను సెక్యూరిటీ సూపర్‌వైజరు. లాబీలోని పియానోను ఎవరినీ ముట్టుకోనివ్వద్దని అడ్మిన్ మేనేజరు సోమేశ్వరరావు గట్టిగా చెప్పింది అతనికే. కానీ కూతురు హర్షిణి ఇంట్లో చిన్న కీబోర్డు మీద ఆరునెలలు ఓపిగ్గా నేర్పిన మినుయెట్ ఒకటుంది. ఒక్క పేజీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. అది అసలైన పియానో మీద ఎలా పలుకుతుందో వినాలని అతని కోరిక.

యూనిఫాం ఇంకా వేసుకోలేదు. చివరి స్వరం పలికించేసరికి వెనక చప్పట్లు వినిపించాయి. పోయినవారమే చేరిన హెచ్ఆర్ సంయుక్త. ఉద్యోగులకు పియానో క్లాసులు ఆ రోజే మొదలుపెడుతోంది.

"ముందే వచ్చేశారా మాస్టారూ?"

"మేడం, నేను గేటు కాడ..."

"గేటు దగ్గర ఎవరూ కలవలేదా? సారీ అండి."

ఆమె వెనకే తొమ్మిదిమంది కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఇప్పుడు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. నాలుగు ముక్కలు చెప్పి జారుకుందామనుకున్నాడు.

"ఐదు వేళ్లు ఐదుగురు గార్డులు అనుకోండ్రి," అన్నాడు. "ఎవల గేటు వాళ్లదే. పక్క గేటు దిక్కు పోవద్దు."

అందరూ నవ్వారు గాని, వేళ్లు మాత్రం కుదురుకున్నాయి. ఒకరు పియానో ముందు కూర్చుంటే మిగతావాళ్లు లాప్‌టాప్ మూతల మీద సాధన చేశారు. తను ఎక్కడెక్కడ తడబడ్డాడో లింగమూర్తికి ఇంకా బాగా గుర్తుంది. సరిగ్గా అక్కడే ఆపి, నెమ్మదిగా మళ్లీ వాయించి చూపించాడు.

ఇంతలో సోమేశ్వరరావు వచ్చాడు. లింగమూర్తిని చూసి నోరు తెరిచాడు. ఆయన ఏదో అనేలోపే, ఆలస్యంగా వచ్చిన విద్యార్థి అనుకుని సంయుక్త ఆయన్ని నేరుగా పియానో ముందు కూర్చోబెట్టింది. లింగమూర్తి ఆయన బొటనవేలిని దాని స్థానంలో పెట్టాడు. మూడో ప్రయత్నానికి మొదటి వరుస తప్పు లేకుండా పలికింది. సోమేశ్వరరావు మళ్లీ వాయించాడు. మరోసారి కూడా.

అప్పుడే గేటు నుంచి గార్డు నరేందర్ లింగమూర్తికి ఫోన్ చేశాడు. పియానో మాస్టర్ ఉదయ్ భాస్కర్ అని ఎవరో వచ్చారట, లోపల క్లాసు నడుస్తోంది కదా, వాపసు పంపాలా అని అడిగాడు. పంపేస్తే అసలు మాస్టారు వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు.

"లోపలికి తోల్కరా. జర మర్యాదగ," అన్నాడు లింగమూర్తి.

లేచి నిలబడి అందరికీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అందరూ సోమేశ్వరరావు వైపు చూశారు. ఆయన పియానో మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఎడమ చెయ్యి కూడా నేర్పించు, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

ఉదయ్ భాస్కర్ వచ్చి, అదే మినుయెట్‌ను మెరుపులా వాయించాడు. అందరూ చప్పట్లు కొట్టి, కొంచెం లింగమూర్తి సార్ వాయించినట్టు వాయించమన్నారు. ఆయన నొచ్చుకోలేదు. పదిమంది కొత్తవాళ్లు ఒక్క గంటలో ఒక వరుస నేర్చుకోవడం తన క్లాసులో ఎన్నడూ చూడలేదని ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి మంగళవారం క్లాసు లింగమూర్తిది. గురువారం ఉదయ్ భాస్కర్ అతనికి తర్వాతి పేజీ నేర్పుతాడు. ఆ గంటసేపు విజిటర్ల సంచులు తనిఖీ చేసేది సోమేశ్వరరావే.