ఐలన్న ఎత్తిన చెయ్యి

మహాశయులారా! ఏ నాయకుడి గొప్పతనమైనా సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది! ఈ సత్యం పటాన్‌చెరులో వీడియోలు మార్చి బతికే నాకు తెలిసినంతగా, ఓట్లు వేసి బతికే మీకు తెలియదు.

సినిమాకు సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలి. ఐలన్న చరిత్ర ఎనిమిదింటితోనే సరిపెట్టుకుంది.

గుమ్మడిదల వైపు ఓ ఊళ్లో ఐలన్న పెద్దమనిషి. ఏళ్ల కిందట ఫ్యాక్టరీ మురుగు మోసుకొచ్చిన ట్యాంకర్‌ను చెరువు దగ్గర ఒంటిచేత్తో ఆపిన వీరుడని పేరు. సాక్ష్యం ఆయన పాత ఫోన్‌లో భద్రంగా ఉంది. బావమరిది తీసిన వీడియో! ట్యాంకర్ కనిపిస్తుంది, దాని వెనక ఐలన్న కనిపిస్తాడు, చెయ్యి లేస్తుంది. అంతే, వీడియో ఇంకా మిగిలుండగానే ఫోన్ బిగుసుకుపోతుంది! మిగతా కథ ఆయన నోటితో నడిపిస్తాడు. ఎంతమందికి నడిపించాడంటే, చివరికి తనే నమ్మేశాడు.

ఇంతలో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. ఏకగ్రీవం చేయించుకునే ముందు ఆ వీరగాథను ఊరందరికీ పెద్ద టీవీలో చూపించాలనుకున్నాడు. టీవీ మాత్రం ఆ ఫైలును ముట్టనని మొండికేసింది. అందుకని నా దుకాణానికి వచ్చాడు.

“గిది టీవీల ఆడాలె. ఆగుకుంట ఆగుకుంట కాదు, నీళ్ల లెక్క పారాలె!”

“బొమ్మలు తక్కువున్నాయండీ. మధ్యలోవి కంప్యూటరే ఊహించి వేస్తుంది.”

“ఏయనీ! జెర మంచిగ ఊహించమను!”

మార్చాను. వేసి చూశాను. చటుక్కున ఆపేశాను.

“ఐలన్న గారూ, తీసుకెళ్లేముందు మీరూ ఒకసారి చూడండి.”

“నా సంగతి నాకే సూపిస్తవా? ఆడ నిలబడ్డది నేనా, నువ్వా?”

“కొన్ని ఆగిపోతేనే అందమండీ...”

“మీ గోదారోళ్లకు అన్నిట్ల అనుమానమే! పెన్‌డ్రైవ్‌ల ఎక్కించు, జల్దీ!”

టీవీ బిగించడానికి నన్నూ వెంట తీసుకెళ్లాడు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ముందు వరుసలో ఐలన్న భార్య ముత్యమ్మ. వెనకంతా ట్యాంకర్ల మీద, లారీల మీద పనిచేసే జనం. ఆ ఊళ్లో ఇంటికో డ్రైవరో, క్లీనరో ఉంటాడు.

“సూడుండ్రి! నన్ను సూడంగనే ట్యాంకర్ గజగజ వణికింది!” అన్నాడు ఐలన్న మైకులో.

టీవీలో చెయ్యి లేచింది. చప్పట్లే చప్పట్లు! ఈసారి బొమ్మ ఆగలేదు. లేచిన చేతివేళ్లు ముడుచుకున్నాయి. తెరుచుకున్నాయి. మళ్లీ ముడుచుకున్నాయి. ట్యాంకర్ మెల్లగా వెనక్కి, చెరువు వైపు జరిగింది.

చప్పట్లు సన్నబడ్డాయి. ఆ సైగ అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు! వెనక వరుసలవాళ్లు అలవాటు చొప్పున రివర్స్ పాట అందుకున్నారు: “ఆనే దో... ఆనే దో...”

టీవీలో ఐలన్న ట్యాంకర్‌ను అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు.

“బస్! బస్!” అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

ట్యాంకర్ ఆగింది. అబద్ధమెందుకు, ఐలన్న నిజంగానే ఆపాడు! సరిగ్గా చెరువు అంచున. ఎవరో పైపు విప్పారు. ఆయన కోరినట్టే నీళ్ల లెక్క పారింది, నల్లగా.

క్లీనర్ నాగయ్య లేచి దండం పెట్టాడు. “అన్నా, పుట్టినకాడికెల్లి గిదే పని చేస్తున్న. గింత సక్కగ నేను గూడ రివర్స్ పెట్టియ్యలే!”

ఐలన్న వేలు నా వైపు తిరిగింది. “గీ పిలగాడు చేసిండు! నడిమిల బొమ్మలన్నీ కంప్యూటర్ కల్పించింది!”

ముత్యమ్మ కొంగు సర్దుకుని లేచింది. “సరే, చెయ్యి కంప్యూటరే ఊపింది. గా ఏడు మన పాడిబర్రె చెరువు నీళ్లు తాగి సచ్చిపాయె. గది గూడ కంప్యూటరే సంపిందా?”

అప్పటిదాకా పడీపడీ నవ్విన నేను, ఆ మాట వినగానే టీవీ కట్టేశాను.

ఏకగ్రీవం మాత్రం అనుకున్నట్టే జరిగింది. సర్పంచ్‌గా ముత్యమ్మను ఎన్నుకున్నారు!

కొన్నాళ్లకు ఐలన్న మళ్లీ నా దుకాణం మెట్లెక్కాడు. అటూ ఇటూ చూసి పాత ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఎవరో అందులో పాతది తీసేసి కొత్త వీడియో ఎక్కించారు.

“తమ్మీ, ముందటి లెక్కనే చెయ్యరాదు? చెయ్యి లేవంగనే ఆగిపోవాలె.”

“ఇంకా ఎవరికి చూపిస్తారండీ?”

“ఎవలికీ కాదు, నాకే! గిప్పుడు నాక్కూడ నమ్మబుద్ధి అయితలేదు!”