ఎడమ కాలికి రెండు నిమిషాల మౌనం

ఆ ఉదయం డ్రిల్లు మాస్టారి పథకం చాలా సులువైనది. ఏడున్నరకల్లా బడి మైదానం చేరుకోవాలి, సున్నంతో గీతలు గీయించాలి, పదకొండింటికి జరిగే ఉపాధ్యాయుల పరుగు పందెంలో లెక్కల మాస్టారిని చిత్తుగా ఓడించాలి. నిరుడు జానెడు తేడాతో పోయిన పందెం అది. పైగా తనకు యాభై ఏడేళ్ళు నిండాయి. ఈసారి కూడా ఓడితే తను ఈల వేసినా పిల్లలు లెక్కచేయరని బెంగ.

మడమ దగ్గర అరిగిపోయిన బూట్లు తొడుక్కుని, లేసులు వీధిలో కట్టుకోవచ్చులెమ్మని మెట్లు దిగారు. మెట్లు అయిపోయాయనుకున్నారు. ఇంకొకటి ఉంది. ఎడమ పాదం లోపలికి మడతపడి, ఒళ్ళంతా దాని మీద పడింది.

కేక విని భార్య పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైందండీ?"

"ఏం కాలేదు. కొంచెం బెణికినట్టుంది. నూనె కాచి రాయి, పావుగంటలో సర్దుకుంటుంది."

ఆమె వేడివేడిగా రాసి, బలం కొద్దీ రుద్దింది. పావుగంటలో చీలమండ అన్నది కనపడకుండా పోయి, కాలూ పాదమూ ఏకమైపోయాయి. ఇద్దరూ బిత్తరపోయి ఆటో ఎక్కారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీలమండకు అటూ ఇటూ ఎముక మీద వేలితో నొక్కి చూసింది. బయటి వైపు నొక్కగానే మాస్టారు కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు.

"ఓ నాలుగు అడుగులు వేయండి చూద్దాం."

రెండో అడుగుకే ఆయన గోడను కావలించుకున్నారు.

"అయితే ఎక్స్‌రే తీయాల్సిందే. ఎముక విరిగిందో, ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ సాగిందో తేలాలి. ఇంతకీ దీన్ని రుద్దిందెవరు?"

భార్య పైకప్పు కేసి చూసింది.

"మొదటి రెండు రోజులు వేడి పెట్టకూడదమ్మా, రుద్దనే కూడదు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టాలి."

ఎక్స్‌రే గది బయట నుంచి భార్య బడికి ఫోను చేసింది. గుమాస్తా ఎత్తాడు. కిటికీ అవతల పిల్లల బ్యాండు మేళం దంచేస్తోంది. రెండో చెవిలో వేలు పెట్టుకున్నా అతనికి సగమే వినపడింది.

"...మాస్టారి కాలు... తీసేశారండీ!"

గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తీసేశారా? అప్పుడేనా?"

"ఆఁ, రెండు నిమిషాల్లో అయిపోయింది. పెద్ద మిషనుంది."

"ఏ కాలమ్మా?"

"ఎడమది. తీసేటప్పుడు నొప్పేం తెలియలేదుట. గంటలో పంపించేస్తామన్నారు."

"కాలినా, మనిషినా?"

ఆమెకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "విడివిడిగా ఎందుకు పంపుతారండీ? రెండూ కలిసే వస్తాయి."

గుమాస్తా ఫోను పెట్టేసి, పరుగున వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌కు చెప్పాడు. ఆవిడ చేతిలోని కాగితాలు జారిపోయాయి. బ్యాండు ఆగింది, పందేలు ఆగాయి. ఆరో తరగతి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. బతికున్న మనిషి కాలికి సంతాపం తెలపవచ్చా అని తెలుగు మేడం సందేహపడింది గానీ, అందరూ అప్పటికే లేచి నిలబడి తలలు వంచుకున్నారు. ఆ ఎడమ కాలికి రెండు నిమిషాల మౌనం నిండుగా జరిగింది.

అక్కడ ఆసుపత్రిలో ఎముక క్షేమమని తేలింది. డాక్టరమ్మ సాగే గుడ్డతో కట్టు కట్టి, చేతికర్ర ఇచ్చింది. "పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి. తగ్గాక రోజూ గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడితే చీలమండకు పట్టు వస్తుంది. ఈ బూట్లు పారేయండి. లేసులు కట్టకుండా, ఒళ్ళు వేడెక్కకుండా పరుగులు పెట్టకండి."

"ముప్పై ఏళ్ళుగా నేను పిల్లలకు చెబుతున్నది ఇదేనండీ."

"మరి మీరు వినలేదన్నమాట."

ఒక్కసారి మైదానం చూసి ఇంటికి పోదామని మాస్టారు పట్టుబట్టారు. ఆటో గేటులోకి వచ్చేసరికి మైకులో లెక్కల మాస్టారు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"నేను పాపిని! నిరుడు ఈల వినపడకముందే పరుగెత్తాను. అంతేనా! ఈయన ముసలివాడైపోయాడు, పరుగెత్తలేడు, కుర్ర మాస్టారిని వేయండి అని పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాసింది కూడా నేనే!"

"ఏమన్నాడూ?" డ్రిల్లు మాస్టారు ఒళ్ళు మరిచిపోయి ఆటోలోంచి దూకారు. రెండు కాళ్ళ మీదా దూకారు.

మైదానం మొత్తం కెవ్వుమంది.

"మాస్టారూ, మీ... మీ కాలు..." హెడ్మిస్ట్రెస్ ఆయన ఎడమ పాదం కేసి వేలు చూపించింది.

"నా కాలికేం?"

"తీసేశారన్నారు కదా!"

"తీసింది ఎక్స్‌రే అండీ!" అంది భార్య. నాలుగు వందల తలలు గుమాస్తా వైపు తిరిగాయి.

డ్రిల్లు మాస్టారు కర్ర టకటకలాడిస్తూ వేదిక కేసి కుంటుకుంటూ వచ్చారు. అది చూసి లెక్కల మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగుకు వేదిక లేదు.

కింద చీలమండ పట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషి ముందు డ్రిల్లు మాస్టారు ఆగారు. కర్ర పైకి లేస్తుందనుకున్నారు అందరూ. ఆయన కర్రను పక్కన పెట్టి, కష్టంగా కూలబడి, ఆ చీలమండను అటూ ఇటూ నొక్కారు.

"ఇక్కడ నొప్పుందా? ఇక్కడ? సరే, లేచి నాలుగు అడుగులు వేయండి."

లెక్కల మాస్టారు కళ్ళు తుడుచుకుని, కుంటుతూ నాలుగూ వేశాడు.

"ఎముకకేం కాలేదు. ఐసు తెప్పించండి."

"కాస్త వేడి నూనె..." అంది హెడ్మిస్ట్రెస్.

"ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని భార్య అరిచింది.

కాసేపటికి ఇద్దరు మాస్టార్లూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే బల్ల మీద చెరో కాలూ పెట్టుకున్నారు.

"ఆ ఉత్తరం అబద్ధమని నేనే రాసేస్తానండీ," అన్నాడు లెక్కల మాస్టారు, ఇంకా తల ఎత్తకుండా.

"వద్దు. అందులో పరుగెత్తలేనివాళ్ళ కింద మీ పేరు కూడా చేర్చండి."

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వులోంచే ఎవరి వాపు పెద్దదన్న వాదన లేచింది. తనది చూడగానే తెలుస్తుందని డ్రిల్లు మాస్టారు, టేపు పెట్టి కొలవనిదే ఒప్పుకోనని లెక్కల మాస్టారు. ఇంకా ఆన్‌లోనే ఉన్న మైకులో ఆ గోల గేటు దాకా వినపడుతోంది.

ఐసు మారుస్తున్న భార్య తల ఎత్తకుండానే అంది: "డాక్టరమ్మ ఎత్తి పెట్టమన్నది కాళ్ళనండీ, గొంతుల్ని కాదు."