ఈరన్న గొంతు, దేవేంద్రప్ప గట్టు

దేవేంద్రప్ప అనే మనిషి ఈ భూమ్మీద పుట్టకపోయి ఉంటే సిద్దప్పకు ఒక గట్టు, ఒక వేపచెట్టు, కాస్త మనశ్శాంతి మిగిలి ఉండేవి. మూడూ పోయాయి. పోగొట్టినవాడు పరాయివాడైతే తిట్టుకుని ఊరుకునేవాడు. కానీ వాడు సొంత బామ్మర్ది. పండక్కి పిలిచి ఓళిగలు పెట్టాల్సిన బామ్మర్ది.

ఎమ్మిగనూరు రోడ్డు మీద బస్సు దిగి, ఎండలో నడిచిపోయే ఊరు వాళ్లది. ఇద్దరి చేన్లూ పక్కపక్కనే. నడుమ గట్టు, గట్టు మీద వేపచెట్టు. దుక్కి దున్నిన ప్రతిసారీ దేవేంద్రప్ప నాగలి ఒక చాలు ఇటు జరిగేది. అందుకే ఊళ్లో అతనికి జరుగుడు దేవేంద్రప్ప అని పేరు. అడిగితే, ఎద్దులు ఎటు పోతే నాగలి అటు పోతుంది, నాగలికేం కళ్లున్నాయా అనేవాడు. ఆ ఎద్దులు ఒక్క ఏడాది కూడా పొరపాటున అటువైపు పోలేదు.

చివరికి సిద్దప్ప ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, తాడు పట్టించి కొలిపించి, ఊళ్లో కూలి పనులు చేసే పౌలు చేత హద్దురాయి పాతించాడు. గట్టూ చెట్టూ సిద్దప్పవేనని తేలింది. అతను బతుకులో గెలిచింది అదొక్కటే. ఆ రోజు నుంచి రెండేళ్లుగా బావాబామ్మర్దులకు మాటల్లేవు.

సిద్దప్పకూ ఊళ్లో ఒక పేరుంది. ముందే సిద్దప్ప. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "నాకు ముందే తెల్సు" అంటాడు. చిన్నప్పుడు అయ్యవారు భాగహారం చెప్పబోతే అదే మాటన్నాడు. అయితే ఇంక బడికి రావడం దేనికప్పా అన్నాడు అయ్యవారు. అంతటితో చదువు ముగిసింది.

ఇలా అంతా సవ్యంగా జరిగిపోతున్న రోజుల్లో, ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, కొడుకు ఈరన్న గొంతు మారింది.

ఒక పొద్దున పిల్లాడు "అమ్మా, రొట్టె" అన్నాడు. "అమ్మా" పీపీ ఊదినట్టు సన్నగానే మొదలైంది. "రొట్టె" దగ్గరికి వచ్చేసరికి బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. దొడ్లో ఎనుము నెమరు ఆపి తలెత్తింది. ఇంట్లోకి ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని సిద్దప్ప చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు.

ఆ తర్వాత పై పెదవి మీద నూగు. అద్దం ముందు గంటలు. తలనూనె సీసా అడుగంటింది. ఊరికే కోపం, ఊరికే మౌనం. భీమమ్మ కొన్నాళ్లు చూసి, జొన్నరొట్టె తడుతూ మొగుడి దగ్గర మాటెత్తింది.

"పిల్లోడు పెద్దోడైతాండాడు. తండ్రివి నువ్వు. కూసోబెట్టుకోని నాలుగు మాటలు సెప్పు. నేను ఇంతకుముందే వానికి..."

"నాకు ముందే తెల్సు" అన్నాడు సిద్దప్ప.

భీమమ్మ రొట్టెను పెనం మీద వేసి ఊరుకుంది. మొగుడికి ముందే తెలిసిన సంగతులు మళ్లీ చెప్పే అలవాటు ఆమె పెళ్లైన ఏడాదికే మానుకుంది.

సిద్దప్ప ధైర్యంగానే బయల్దేరాడు. కొడుకును చేనికి తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టాడు. ముందు వానల సంగతి చెప్పాడు. తర్వాత వేరుశనగ బుడ్డల పంట సంగతి చెప్పాడు. తర్వాత ఎద్దు నోరు తెరిచి, పాలపండ్లు రాలి పెద్దపండ్లు ఎలా వస్తాయో చూపించాడు. అక్కణ్నించి ఈరన్న మీసం దాకా ఒక్క అడుగే. ఆ అడుగు పడలేదు. చెమట మాత్రం పట్టింది.

"నాయనా, ఎద్దును అమ్ముతాండావా?" అని అడిగాడు ఈరన్న దిగులుగా.

లేదని చెప్పి సిద్దప్ప కొడుకును, ఎద్దును ఇంటికి తోలుకొచ్చాడు.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అతనికీ ఎవరూ చెప్పలేదు. ఆ ఈడులో గొంతు బొంగురుపోతే వాళ్లమ్మ మిరియాల కషాయం పోసింది. గడ్డం మొలిచేదాకా పోసింది. తనకేదో జబ్బు చేసిందనీ, కషాయంతోనే నయమైందనీ సిద్దప్ప ఇప్పటికీ నమ్ముతాడు.

ఎద్దును కట్టేస్తుండగా ఆలోచన తట్టింది. మూడేళ్ల కింద కూతురు ఉచ్చీరమ్మ పెద్దమనిషి అయినప్పుడు తండ్రిగా తను చేసిందేమిటి? ఏమీ లేదు. నువ్వు ఈడ నిలబడొద్దు పో అని ఆడవాళ్లు తరిమారు. మేనమామ దేవేంద్రప్పే వేప కొమ్మలు కొట్టుకొచ్చి పచ్చాకు గుడిసె వేశాడు. నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి తెచ్చాడు. చీర పెట్టాడు. సిద్దప్ప ఎమ్మిగనూరులో బజ్జీలు తిని తిరిగి, గుడిసె తీసేనాటికి ఇల్లు చేరాడు. దీన్నిబట్టి తేలేదేమిటి? పిల్లలు పెద్దవాళ్లయ్యే శాఖ మేనమామది.

ఆ మాట భీమమ్మతో అన్నాడు. అది ఆడపిల్లకు అని ఆమె. పిల్లకైనా పిల్లోనికైనా మేనమామ ఒకడే గదా అని ఇతను. రెండేళ్లుగా మాటల్లేవే అని ఆమె. పనికోసం మాట్లాడి, పని కాగానే మళ్లీ మానుకోవచ్చని ఇతను.

"నోరు తెరిసి నాలుగు మాటలు సెప్పేదానికి ఇంటింటికీ తిరుగుతావా? నా మాట ఇను. వానికి నేను..."

"మ్మే, నాకు ముందే తెల్సు. నీ తమ్ముడు ఒప్పుకోడంటావు. ఒప్పిస్తా సూడు."

"పోయి రా, పో" అంది భీమమ్మ.

దేవేంద్రప్ప వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. హద్దురాయి పాతిన పౌలు అటు కొస పట్టుకుని కూర్చున్నాడు. సిద్దప్ప వచ్చిన పని నేల చూపులు చూస్తూ చెప్పాడు. చెప్పడమంటే, "పిల్లోడు", "గొంతు", "నువ్వే సూడల్ల" అనే మూడు ముక్కలు, మధ్యలో దగ్గు. దేవేంద్రప్పకు అర్థమైంది. నులక వదలకుండానే అన్నాడు.

"ఆడపిల్లకైతే మేనమామ పెట్టల్ల బావా. ఆచారం. పెడితి. మగపిల్లోనికి ఆ ఆచారం యాడుంది? లేని ఆచారం ఎవరు మొదలుపెడితే వాళ్లే పెట్టుకోవల్ల."

"ఏం పెట్టల్లంటావు?"

"ఉచ్చీరమ్మ గుడిసెకు కొమ్మలు యాడ కొట్టినా? ఆ గట్టు మింద సెట్టుకే గదా. పిల్లకు ఆకిచ్చిన సెట్టు, పిల్లోని పేరు సెప్పి నాకియ్యి. గట్టుతో పాటు."

సిద్దప్ప తువ్వాలు దులిపి లేచాడు. వాకిలి దాటాడు. దాటాక ఆగాడు. బుర్రలో మరో ఆలోచన, ఇది మొదటిదానికంటే గొప్పది. పిల్లలకు ఆ సంగతులు పైకి చెప్పగల మగాడు ఆదోని, ఎమ్మిగనూరు తాలూకాల్లో ఇంతవరకు పుట్టలేదు. పెళ్లాం పేరు అడిగితేనే సిగ్గుపడి గోడకేసి చూసే దేవేంద్రప్ప చెప్తాడా? చెప్పలేడు. పందెం కట్టి ఓడితే ఇక గట్టు ఊసెత్తడు.

ఆ లెక్కలో కొడుకు సంగతి ఎక్కడో జారిపోయింది. గట్టు మాత్రం నిలబడింది.

వెనక్కి వచ్చి షరతు పెట్టాడు. పిల్లవాడికి సంగతులన్నీ తెలియాలి. తెలుసని వాడే పౌలు ఎదుట చెప్పాలి. చెప్తే గట్టు దేవేంద్రప్పది, తెలియదంటే దేవేంద్రప్ప చచ్చేదాకా ఆ రాయి వంక చూడకూడదు. ఆకూ వక్కా మార్చుకున్నారు. ఆ ఊళ్లో ఆకువక్క మారాక కోర్టు కూడా కాదనదు. సిద్దప్ప ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఆదివారం దేవేంద్రప్ప మేనల్లుణ్ని ఆదోనికి తీసుకుపోయాడు. పొద్దుగూకే వేళకు ఇద్దరూ బస్సు దిగారు. పిల్లాడి జేబులో కొత్త దువ్వెన ఉంది.

మరుసటి పొద్దున భీమమ్మతో సహా అందరూ వేపచెట్టు కింద చేరారు. పౌలు గడ్డపార తెచ్చాడు. అది చూసి సిద్దప్పకు నవ్వొచ్చింది. చెట్టు మొదలును చూస్తూ కొడుకును అడిగాడు.

"నిన్న మామ నీకేం సెప్పినాడప్పా?"

"ఉగ్గాని తినిపించినాడు. సినిమాకు తీసకపోయినాడు. వచ్చేటప్పుడు బస్సులో ఏందో సెప్పబోయి దగ్గినాడు. మళ్లా పత్తి ధర సెప్పినాడు."

సిద్దప్ప ఛాతీ విప్పారింది. "పౌలూ, ఇంటివి గదా. ఇంక ఆ గడ్డపార ఇంటికి తీసకపో."

"నేను సెప్పల్లని కాదు బావా షరతు" అన్నాడు దేవేంద్రప్ప. "పిల్లోనికి తెల్సల్ల అని. అది అడుగు."

దానికేం భాగ్యం అనుకున్నాడు సిద్దప్ప. గట్టు కోసం గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, మనిషి పెద్దోడైతాంటే... ఒళ్లు, గొంతు... ఆ సంగతులు నీకేమన్నా తెల్సా?"

"తెల్సు నాయనా."

సిద్దప్ప చెట్టు మొదలు మీంచి చూపు తిప్పి కొడుకును చూశాడు.

"అక్క గుడిసెలో కూసున్నప్పుడు, నన్ను గూడ ఏసేస్తారా గుడిసెలో అని అమ్మను అడిగితి. అమ్మ నవ్వి, అక్కనీ నన్నూ ఇద్దర్నీ కూసోబెట్టి సెప్పింది."

తర్వాత ఈరన్న ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. మగపిల్లలకు గొంతు చీలుతుందట, మీసం వస్తుందట, మొటిమలు వస్తాయట. చెమట ఎక్కువ కాబట్టి ఒళ్లు బాగా రుద్దుకోవాలట. కారణం లేకుండా కోపం వస్తుందట, వస్తే కాసేపటికి పోతుందట. ఆడపిల్లలకు నెలనెలా వచ్చేది జబ్బూ కాదు, మైలా కాదు, దాన్ని పట్టుకుని ఎవరైనా నవ్వితే అమ్మ వీపు చీరేస్తుందట. పౌలు వక్క నమలడం మానేసి వింటున్నాడు.

"గొంతు మారేది జబ్బు కాదా?" అన్నాడు సిద్దప్ప మెల్లగా.

"కాదు నాయనా. ఊరికే మారతాది."

సిద్దప్ప నోట్లోకి పాతికేళ్ల కిందటి మిరియాల కారం మళ్లీ వచ్చింది.

"అన్నీ తెల్సినోడివి, మూతి ముడుసుకోని ఎందుకు తిరిగినావు రా?"

ఈరన్న నేలను కాలిబొటనవేలితో గీకాడు. "నువ్వు గూడ సెప్తావేమోనని సూస్తాంటి. ఆ పొద్దు సేన్లో మొదలుపెడితివి అనుకుంటి. ఎద్దు పండ్లు సూపిస్తివి."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే సిద్దప్పకు కొంచెం తేలికగా ఉండేది.

"బస్సులో నేను దగ్గుతాంటే" అన్నాడు దేవేంద్రప్ప, "మామా, నువ్వు అగసాట్లు పడొద్దు, నాకు తెల్సులే అని పిల్లోడే నాకు ధైర్యం సెప్పినాడు బావా."

సిద్దప్ప పెళ్లాం వైపు తిరిగాడు. "మ్మే, ఈ ముక్క నాకు ముందే సెప్పొచ్చు గదా."

"సెప్పబోతి. రెండుసార్లు" అంది భీమమ్మ కొంగు సర్దుకుంటూ. "నీకు ముందే తెల్సంటివి. నోరు తెరువప్పా అంటే గట్టు తెరిస్తివి."

పౌలు హద్దురాయి పెకిలించాడు. కొత్తచోట గుంత తీస్తుంటే తాడు రెండో కొస ఈరన్న పట్టుకున్నాడు. ఇంటికి పోతూ, ఊరు దగ్గర పడ్డాక, ఆ మొటిమలు నొప్పి పెడతాయా అని సిద్దప్ప కొడుకును అడిగాడు. అప్పుడప్పుడు, అన్నాడు ఈరన్న. గిల్లొద్దు, అన్నాడు సిద్దప్ప. అంతే. తండ్రీకొడుకులు ఆ సంగతి మాట్లాడుకున్నది అంతే.

ఆ రెండు మాటలకు సిద్దప్పకు పోయింది, వేపచెట్టుతో సహా, మూడున్నర సెంట్ల నేల.