లోకల్‌హోస్ట్ స్థానికతపై విచారణ

నిప్పు, చక్రం తరువాత మానవజాతి సాధించిన మూడో ఘనకార్యం ధ్రువపత్రం. దాన్ని మరింత వేగంగా ఇవ్వాలని కోరుట్లలోని పత్రాల సత్వర జారీ ఉపకేంద్రం సొంతంగా ఒక సర్వర్ పెట్టుకుంది. (అంతకుముందు పత్రం వారంలో వచ్చేది.)

సర్వర్‌ను భద్రంగా నడిపే బాధ్యత ఇంజనీరు సంధ్యారాణిది. ఆమె దానికి 'లోకల్‌హోస్ట్' పేరిట (ప్రతి కంప్యూటరూ తనను తాను పిలుచుకునే పేరది) ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్ తయారుచేసి, ఆఫీసు కంప్యూటర్‌లో పేజీ తెరిచింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు."

సూపరింటెండెంట్ శ్యాంసుందర్ రావు మురిసిపోయారు. "కరెక్టే చెప్పింది గదమ్మా. మనది సర్కారు ఆఫీసు. ప్రైవేటెట్లయితది?"

"గట్ల కాదు సార్. సర్వర్ తన సర్టిఫికెట్ మీద తనే సంతకం పెట్టుకుంది. గందుకే కంప్యూటర్ నమ్ముతలేదు."

ఆయన ముఖం మారింది. "గెజిటెడ్ సంతకం లేకుంటే కంప్యూటరే కాదు, నేను గూడ నమ్మ."

పత్రాల జారీ ఆగింది. ఫైలు జగిత్యాలలోని ధ్రువపత్రాల ధ్రువీకరణ విభాగానికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అభ్యంతరం వచ్చింది. (అభ్యంతరాల విషయంలో ఆ విభాగం ఎన్నడూ ఆలస్యం చేయలేదు.) "దరఖాస్తుదారు పేరు 'లోకల్‌హోస్ట్' అని ఉన్నది. లోకల్ అనుటకు ఆధారమేమి? ఏ బడిలో చదివినది? బోనఫైడ్ జతపరచవలెను."

అప్పటికే బీర్పూర్ నుంచి వచ్చిన మొగిలవ్వ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె కూతురు వనితకు నర్సింగు సీటు వచ్చింది. కాలేజీలో జనన ధ్రువపత్రం ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు.

"సారూ, నా బిడ్డ సీటు పోతది. గా మిషిన్ ఎప్పుడు లోకల్ అయితది?"

"విచారణ నడుస్తున్నదవ్వా," అని శ్యాంసుందర్ రావు భోజనానికి వెళ్లారు.

సంధ్యారాణి మొగిలవ్వ ముఖం చూసింది. లోపలికి వెళ్లి, సర్వర్ సంతకాన్ని నమ్మమని కంప్యూటర్‌కు చెప్పింది. అది నమ్మింది. (ఆ కార్యాలయంలో ఒకరి మాట ఇంకొకరు నమ్మడం అదే మొదలు.) ఎర్ర అక్షరాలు పోయి, పేజీ పైన చిన్న తాళం బొమ్మ వచ్చింది. పత్రం అచ్చయింది.

"సల్లగుండు బిడ్డా!" అంటూ మొగిలవ్వ బస్సు కోసం ఉరికింది. సీటు దక్కింది.

భోజనం ముగించి వచ్చిన శ్యాంసుందర్ రావు తెర ముందు నిలబడిపోయారు.

"పనివేళల్ల ఆఫీసుకు తాళమెవలేసిండ్రు?"

"సార్, గది భద్రంగ ఉన్నట్టు గుర్తు."

"ఏ గుర్తయితేంది? పబ్లిక్ ఏమనుకుంటరు? తియ్యి!"

సంధ్యారాణికి మెమో ఇచ్చారు. తాళం తీయించారు. ప్రస్తుతం మన వివరాలన్నీ అక్కడ బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరైనా చూసుకోవచ్చు. మనవి మనం చూసుకోవాలంటే మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి.