తిరిగి తిరిగి వచ్చిన మస్తాన్‌రావు

ఆ ఉదయం యశోదమ్మ అనుకున్న పని ఒక్కటే. భర్త మస్తాన్‌రావు అస్థికల కుండను పారే నీటిలో కలిపి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. ఆ పని ఎప్పుడో కావలసింది. పొలంలో వేపచెట్టుకు కట్టిన కుండను విప్పబోయిన ప్రతిసారీ ఆమెకు ఏదో ఒక అడ్డు కనిపించేది. ఒకనాడు తుమ్ము, ఒకనాడు పిల్లి, ఒకనాడు అసలేమీ ఎదురు రాకపోవడం. చివరికి పురోహితుడు కేకలేశాడు. "ఆయన్ని పోనియ్యమ్మా! ఎన్నాళ్ళు కట్టేసి ఉంచుతావు?"

అన్న కొడుకు వెంకట సాయి ఆమెను తన ఆటోలో ఎక్కించుకుని దుర్గి నుంచి బయలుదేరాడు. కృష్ణ దాకా ఎందుకు, సాగర్ కాలువలోనివీ కృష్ణ నీళ్ళే గదా అని అతని వాదన. అసలు సంగతి, మధ్యాహ్నం మాచర్లలో అతనికి పెళ్ళివాళ్ళ కిరాయి ఉంది. తీరా వెళ్ళి చూస్తే కాలువకు నీళ్ళు కట్టేశారు. మరమ్మతులట. అడుగున మేకలు పడుకుని ఉన్నాయి.

"ఇప్పుడెట్టారా?" అంది యశోదమ్మ. భయంతో అడిగిందో, ఊరటతో అడిగిందో ఆమెకే తెలియలేదు.

వెంకట సాయి చుట్టూ చూశాడు. రోడ్డు పక్కనే కొత్త వాటర్ పార్కు. తెల్ల రంగు పూసిన సిమెంటు మంచుకొండ, దాని కింద నుంచి గలగలమంటూ నీళ్ళు.

"పారే నీళ్ళు కావాలన్నాడు గదా అయ్యగారు. అయిగో, పారతన్నయ్. పద."

"అందులో జనం జలకాలాడతన్నార్రా!"

"కృష్ణలో ఆడరా ఏంది?"

యశోదమ్మ కుండ ఉన్న సంచి పట్టుకుని ఆటో దిగింది.

గేటు దగ్గర కాపలా అతను సంచి తడిమాడు. "బయటి తిండి లోపలికి రానియ్యం."

"తిండి కాదన్నా, మా మామ."

"ఆయనెక్కడ?"

"ఇందులోనే."

నిప్పు తగిలినట్టు అతను చెయ్యి లాక్కున్నాడు. టికెట్టు కూడా అడగలేదు.

లోపల నీటిపాయ కొండ చాటు నుంచి వచ్చి, మలుపు తిరిగి, చెట్ల వెనక్కి మాయమవుతోంది. జనం గాలి ట్యూబుల మీద వెల్లకిలా పడుకుని తేలుతున్నారు. యశోదమ్మ ఎవరూ లేని మూల చూసుకుని, ఎర్రగుడ్డ కట్టిన కుండను నీళ్ళలో వదిలింది. "నా గురించి బెంగెట్టుకోమాక. పొయ్యిరా," అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుండ తేలుతూ వెళ్ళి మలుపు దాటింది. నలభై ఏళ్ళ కాపురం చెట్ల వెనక్కి పోయింది. ఆమె అక్కడే కూలబడింది.

కళ్ళు తుడుచుకుని లేవబోతుంటే వెంకట సాయి ఆమె భుజం పట్టుకున్నాడు. "అత్తా... మామ!"

మంచుకొండ కింద నుంచి ఎర్రగుడ్డ తేలివస్తోంది.

"పోయినోళ్ళని పొయ్యిరా అంటారా ఎవరన్నా?" అని వెంకట సాయి తల కొట్టుకున్నాడు. ఆమె వంగి కుండను చేత్తో నెట్టింది. "పో. ఇంక రాబాక," అని ఈసారి గట్టిగానే ఏడ్చింది. కుండ వెళ్ళింది. కాసేపటికి వచ్చింది.

మోకాళ్ళ నొప్పులని ట్యూబు దిగకుండా పోతున్న హైమావతి అనే నరసరావుపేట ఆవిడ ఆగి, జాలిగా చూసింది. ఎర్రగుడ్డ కట్టిన కుండ, ఏడుస్తున్న మనిషి. ఏదో మొక్కుబడి అనుకుంది. "తీరని మొక్కేదో ఉందమ్మా. పిండం కాకి ముట్టకపోతే ఏం చేస్తాం? మాటిస్తాం. దీనికీ అంతే."

యశోదమ్మ మాటివ్వడం మొదలుపెట్టింది. ఎద్దుల్ని అమ్మనంది. కుండ తిరిగొచ్చింది. కోటప్పకొండ తిరణాలకు మేడంత ఎత్తు ప్రభ కట్టిస్తానంది.

"అత్తా! ప్రభ అంటే మాటలా?" వెంకట సాయి అదిరిపడ్డాడు. కుండ మళ్ళీ వచ్చింది.

చుట్టూ చేరిన జనంలో ఎవరో, అన్నదమ్ముల మధ్య గొడవ ఉంటే మొక్కు చెల్లదు, ఉందేమో కనుక్కోమన్నారు. ఉంది. మరిది అప్పారావుతో పొలం గట్టు తగాదా. వెంకట సాయి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి నీటి మీదికి చాచాడు.

"అన్నా, గట్టు జరిపింది నేనేనన్నా! తప్పయింది," అని అప్పారావు బావురుమన్నాడు.

పోయిన అన్న పేరున మొక్కు కాబోలనుకుని ట్యూబుల మీద అందరూ చేతులు జోడించారు. కుండ మలుపు దాటింది. అందరి తలలూ మంచుకొండ వైపు తిరిగాయి. కొండ కింద ఎర్రగా ఏదో కదిలింది.

"పోయాడా?" ఫోన్‌లో అప్పారావు.

"వచ్చాడు."

"ఓరి దేవుడా! గట్టు సంగతి ఊరికే చెప్పేశానే!"

అప్పుడే మేనేజరు అనిల్ కుమార్, భూగర్భ జలాల ఆఫీసు నుంచి వచ్చిన తస్లీమ్ మేడాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బోరుకు అనుమతి పొడిగించాలంటే ఆమె ఒప్పుకోవాలి. "ఒక్కసారి నింపాం మేడం, మళ్ళీ బోరు మీద పడలా. వడగట్టి, మోటారుతో ఇవే నీళ్ళు తిప్పి తిప్పి వదులుతాం. చుక్క కూడా బయటికి పోదు!"

యశోదమ్మ దిగ్గున లేచింది. "ఏందయ్యా? బయటికి పోవా?"

"పోవమ్మా," అన్నాడు అనిల్ కుమార్ గర్వంగా.

"మరి మా ఆయనెట్టా పోతాడు?"

తస్లీమ్ నీళ్ళ వైపు చూసింది. "ఆ కుండేంటి?"

"డెకరేషన్ మేడం."

"డెకరేషన్ కాదమ్మా, మస్తాన్‌రావు. ఆయన అస్థికలు," అంది యశోదమ్మ.

నీళ్ళన్నీ ఒక్కసారిగా ఒడ్డెక్కినట్టు జనం ఎక్కారు. మోకాళ్ళ నొప్పుల హైమావతి అందరికంటే ముందుంది. "ఇందాక పుక్కిలించానే!"

తస్లీమ్ తల పట్టుకుంది. "అనిల్ గారూ, చుట్టూ బోర్లు ఎండుతుంటే మీరు నీళ్ళు కాపాడుతున్నారని మెచ్చుకుందామని వచ్చాను. ఇప్పుడు నేనే పారబోయమని చెప్పాల్సి వస్తోంది. వీటిల్లోకి మనుషుల్ని దించొద్దు."

"మొత్తమా మేడం?"

"మొత్తం."

అనిల్ కుమార్ కన్నవాళ్ళను పోగొట్టుకున్నవాడిలా నడిచి వెళ్ళి వాల్వు తిప్పాడు. పార్కు వెనక ఎండిన వాగులోకి నీళ్ళు హోరున దూకాయి. ఆ వాగు నాగులేరులో కలుస్తుంది. నాగులేరు కృష్ణలో కలుస్తుంది.

వెంకట సాయి ట్యూబుల మధ్య నుంచి కుండను తీసి పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, అసలైన పారే నీళ్ళు! ఇయ్యి ఎనక్కి రావు. ఎయ్యి తొందరగా!"

యశోదమ్మ కుండ పట్టుకుని వాగు ఒడ్డున నిలబడింది. నీళ్ళు మలుపు తిరిగి పోతున్నాయి. పోయినవి ఏవీ రాలేదు. ఆమె చాలాసేపు ఎదురు చూసింది. తర్వాత కుండను చెంగులో దాచుకుంది.

"ఏందత్తా?"

"వస్తాడనుకోబట్టి పొమ్మనగలిగా. రాడని తెలిసి ఎట్టా పొమ్మంటారా?"

సాయంత్రానికి పార్కులో నీళ్ళన్నీ వెళ్ళిపోయాయి. వెళ్ళవలసిన మస్తాన్‌రావు మాత్రం ఆటోలో వెనక్కి వచ్చాడు.