కుట్టుకి వదిలిన కెమెరాలు

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమంటే, దర్జీగారి ఏకైక కుమార్తె పెళ్లికి ఎన్ని కెమెరాలు పెట్టించాలన్న విషయం ఐదు సమావేశాల తర్వాత సంతృప్తికరంగా తేలింది. పెళ్లికొడుకుని ఖాయం చెయ్యడానికి ఒక్క సమావేశమే సరిపోయింది. దీన్నిబట్టి ఏది ముఖ్యమో ఆ ఇంట్లోవాళ్లకి ఎంత బాగా తెలుసో గ్రహించవచ్చు.

పెళ్లిబట్టలు దర్జీయే కుట్టాడు. ముప్పై ఏళ్లుగా లోకంలోవాళ్లందరి పెళ్లిబట్టలూ కుడుతున్నాడు గానీ, అవి వేసుకుని మనిషి నడుస్తుంటే ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. కొలతలు తీసుకోవడం, గుండీలు కుట్టి ఇచ్చెయ్యడం, అంతే. కూతురి తెల్లగౌను ఒక్కటైనా కళ్లారా చూసుకోవాలని నలభై రోజులు మెడ వంచి కుట్టాడు. గుండుసూదులు గుచ్చి నిలబెట్టి చూడటం వేరు, నడిచొస్తుంటే చూడటం వేరు.

కూతురూ అదే అంది. "ఒక్క కెమెరా చాలు నాన్నా. నువ్వు తలుపుకెదురుగా ముందు కుర్చీలో కూర్చో. నేను లోపలికొస్తుంటే చూసి, ఎలా ఉందో చెప్పు. నాక్కావలసింది అదే."

"కూర్చోక ఎక్కడికి పోతానే!" అన్నాడు దర్జీ.

పెళ్లంటే ఏమిటో బొత్తిగా తెలియని పిల్ల అని ఇంటిల్లిపాదీ జాలిపడ్డారు.

ఫోటోగ్రాఫరు పాపం మంచివాడే. "మీ హాలుకి ఒక మనిషి, ఒక కెమెరా, నాలుగు గంటలు చాలండీ" అన్నాడు. కానీ దర్జీకి వృత్తిధర్మం అడ్డొచ్చింది. గుడ్డ కొలతకి సరిగ్గా కత్తిరించేవాడు దర్జీయే కాదు. కుట్టుకి కాస్త వదలాలి. ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు, తక్కువైతే అతుకు పడుతుంది. "ఎందుకైనా మంచిది, ఇంకోటి ఉంచండి" అన్నాడు. ఆ రెండో కెమెరాతో ద్వారాలు తెరుచుకున్నాయి.

బావమరిది లేచి గొంతు సవరించుకున్నాడు. ఇతను ఇంతవరకూ ఏ పనీ చెయ్యలేదు, అందుకని అన్ని పనుల గురించీ నిష్పక్షపాతంగా మాట్లాడగలడు. "బావా! గుర్తుపెట్టుకోవడం మనిషి చెయ్యాల్సిన పని కాదు. దాన్ని యంత్రానికి అప్పగించిన రోజే మనిషి ప్రశాంతంగా భోంచేస్తాడు. ఏడ్చేవాళ్ల కోసం ఒక కెమెరా ప్రత్యేకంగా ఉండి తీరాలి."

"నేనేడుస్తుంటే ఎడమవైపునుంచి తియ్యమనండి," అంది దర్జీ భార్య. "కుడివైపు నాకు అచ్చిరాలేదు."

తినేవాళ్లకి నాలుగోది మంజూరైంది. గాల్లో ఎగిరేది ఐదోది. ఇంత కష్టపడే ఈ ఐదుగురు కెమెరావాళ్లూ ఎందులోనూ కనబడరే అని దర్జీ భార్య కంటతడి పెట్టుకోవడంతో, మానవతా దృక్పథంతో వాళ్లని తియ్యడానికి ఆరోదాన్ని నియమించారు.

ఆరు కెమెరాలకి చోటు కావాలి. "ముందు వరస కుర్చీలు తీసెయ్యాలండీ. చుట్టాలు అడ్డమొస్తున్నారు" అన్నాడు ఫోటోగ్రాఫరు. తీసేశారు. రెండో వరసలో లైట్లు పెట్టారు. పెళ్లికూతురి తండ్రన్న గౌరవం కొద్దీ దర్జీ కుర్చీని మాత్రం ముట్టుకోలేదు. దాని ముందు ముగ్గురు కెమెరావాళ్లని నిలబెట్టారు.

తలుపు తెరుచుకుంది. దర్జీకి మూడు వీపులు కనబడ్డాయి. ఎడమకి వంగితే వీపులూ ఎడమకి వంగాయి. ఈలోగా "అమ్మా, మళ్లీ ఒకసారి రండి. ఇప్పుడే మొదటిసారి వస్తున్నట్టు!" అని కేక. పెళ్లికూతురు వెనక్కెళ్లి మొదటిసారిగా రెండోసారి వచ్చింది. ఈసారి "పెద్దాయనా, మీ బట్టతల మెరిసి లైటింగు పాడవుతోంది, కొంచెం వంచుకోండి" అన్నారు. వంచుకున్నాడు.

మూడోసారికి తల వంచుకునే ఉన్నాడు. ముక్కుకెదురుగా కెమెరామాన్ చొక్కా. వీపు మధ్య కుట్టు జానెడు విడిపోయి ఉంది. చూస్తూ ఊరుకునే చెయ్యి కాదది. కాలరు మడతలోంచి సూది తీశాడు. చివరి ముడి వేసి, దారం పంటితో కొరికి తలెత్తేసరికి హాలంతా చప్పట్లు. పెళ్లికూతురు వచ్చేసింది.

తర్వాత దొరికిన సందులో కూతురు వచ్చి చెవిలో అడిగింది. "ఎలా ఉంది నాన్నా?"

"వీడియో రానీ తల్లీ, చూసి చెబుతా."

నాలుగు నెలలకి వీడియో వచ్చింది, తొమ్మిది గంటల నిడివితో. కూతుర్నీ పిలిపించుకుని అందరూ టీవీ ముందు చేరారు. ఎవరికి వాళ్లు తమని వెతుక్కున్నారు. భార్య తన ఎడమవైపు చూసుకుని తృప్తిగా మళ్లీ ఏడ్చింది. పెళ్లికూతురు లోపలికొచ్చే ఘట్టం రాగానే బావమరిది రిమోటు అందుకున్నాడు. "ఇది ముందుకి జరిపేద్దాం బావా, ఇందులో మనం లేం."

"ఉండరా!" అన్నాడు దర్జీ, జీవితంలో మొదటిసారి గట్టిగా.

ఉండి ప్రయోజనం లేకపోయింది. ఆ ఘట్టం కళాత్మకంగా ఉండాలని ఆరో కెమెరాది వేశారు. వరసగా వీపులు, వాటి వెనక సూది పట్టుకున్న ఒక బట్టతల. తలుపు దగ్గర ఏదో తెల్లగా కదిలింది. ఆ తెలుపు మీద కంప్యూటరుతో పూలవాన కురిపించారు.

దర్జీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కూతురు ఆ మొహం చూసింది. లోపలి గదిలోకెళ్లి తలుపేసుకుంది. పెట్టె మూత చప్పుడైంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

అవే పెళ్లిబట్టలు. వీపులు లేవు, లైట్లు లేవు. మధ్యలో నాలుగడుగుల నేల. అంచు నేలకి తగిలీ తగలకుండా, అతను కొలిచినట్టే జారుతోంది.

"ఇప్పుడు చూడు నాన్నా" అంటూ నడిచి వచ్చింది.

దర్జీ కళ్లు చెమర్చాయి. చెయ్యి జేబులోకి వెళ్లింది. చేతిరుమాలు కోసమే అనుకున్నారు కదూ? మీరు ఉత్త అమాయకులైనా అయుండాలి, ఫోను లేనివాళ్లైనా అయుండాలి.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు ఫోను పైకెత్తి, ఒక కన్ను మూసుకుని. "వెనక్కెళ్లి మళ్లీ రా. మొదటిసారి వస్తున్నట్టు."